దుప్పటి కింది యుద్ధం

తొంభై మూడు ఆగస్టు. భర్త నాచారం ఫ్యాక్టరీకి పోయినంక లూర్దమ్మ తలుపు తీస్తే, ప్రార్థన కూటానికి పిలవనీకె వచ్చిన చర్చి పెద్ద శాంతయ్య నిలవడి ఉన్నడు. ఆమె గబగబా టేబుల్ మీద దుప్పటి కప్పింది గని, బొమ్మ కొండ ఒకటి బయటనే ఉండిపోయింది.

“అదేంది బిడ్డా?”

“క్రిస్మస్‌కు పశువుల పాక చేస్తున్నం మామా.”

“ఇప్పటిసందేనా?” శాంతయ్య దుప్పటి లేపి వంగి చూసిండు. “మరి గొర్రెల కాపరుల చేతుల తుపాకులెందుకున్నయి?”

లూర్దమ్మకు మొఖం చెల్లలే. “మా ఆయన పిచ్చి మామా. యుద్ధం ఆటంట. పిల్లల తండ్రి బొమ్మలతోని ఆడుతుండంటే నవ్వుతరు, ఎవ్వరికి చెప్పకుండ్రి. ఉప్పల్‌ల ఇంకో నలుగురు గూడ మొదలువెట్టిన్రు.”

“కొండ దేంతోని చేసిండు?”

“థర్మాకోల్‌తోని. గడ్డేమో రంగేసిన రంపం పొట్టు.”

“ఈ పాచికలేంది? జూదమా?”

“అయ్యో, పైసల ముచ్చటే లేదు. ఎంత పడితే సిపాయిలు అంత దూరం నడుస్తరు.”

“మస్తుందే! అయితే ఈ నీలి అంగీలోళ్లను వాగు దాటిస్తే?” ఆయన చెయ్యి అప్పటికే బొమ్మ మీద పడ్డది.

“దాటియ్యకుండ్రి మామా! కొండెనక ఫిరంగి ఉన్నది.”

“నీకెట్ల తెలుసు?”

లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

“పెట్టింది నేనే. ఎర్ర అంగీలోళ్లు నావోళ్లు.”

శాంతయ్య కుర్చీ గుంజుకొని కూసున్నడు.

“మీ ఆయన వచ్చేదాక నీలి అంగీలోళ్లను నేను సూసుకుంట. పాచికలు ఇటియ్యి.”