నలభై ఒక్క కిటికీలు

మిట్టమధ్యాహ్నం కర్టెన్లన్నీ వేసి గదిని చీకటి చేసుకున్నారు అత్తాకోడళ్ళు. బల్ల మీద మూరెడు పొడవున వాళ్ళు అతికించిన ప్లాస్టిక్ అంతరిక్ష నౌక ఉంది.

"అత్తయ్యా, ఇక స్విచ్ వెయ్యండి."

"నువ్వే వెయ్యవే. నా చేతులు వణుకుతున్నాయి."

"వెలుగు మోసే వెంట్రుకంత ఫైబర్ తీగల్ని నలభై ఒక్క కిటికీల్లోకి దూర్చినప్పుడు వణకలేదే?"

"అది పని. ఇది పరీక్ష."

"సరే, వేస్తున్నా."

"అబ్బ... ఊరు ఊరంతా నిద్ర లేచినట్టుందే తల్లీ."

"నౌక గోడల్లోంచి వెలుగు కారట్లేదు కూడా. లోపల రెండుసార్లు నల్లరంగు పుయ్యమన్నారుగా మీరు, పనిచేసింది."

"ఆగాగు. పై వరసలో చివరి కిటికీ వెలగట్లేదు."

"అయ్యో. దాని తీగ కొన మీద కూడా రంగు పూసేసినట్టున్నాను."

"విప్పుదామా?"

"జిగురు ఎండిపోయింది అత్తయ్యా, విప్పితే ముక్కలే. నాలుగింటికి మోడళ్ళ పోటీ. జడ్జీలు అడిగితే..."

"అడిగితే ఏంటి? నవ్వుతావెందుకు?"

"అది మీ అబ్బాయి గది అని చెబుదాం. తొమ్మిది కొట్టగానే లైటార్పేసి, మనల్నీ ఆర్పమంటాడుగా."

"మూడు నెల్ల నుంచీ అదే గోల. అంతరిక్షంలోకి పోయినా మారలేదు వెధవ."

"నవ్వించకండి, బల్ల కదులుతోంది."

"మరి దాని పక్క కిటికీ? పొరపాటున అందులో రెండు తీగలు దూర్చాను. ఎలా వెలిగిపోతోందో చూడు. అదెవరిదని చెబుతావు?"

"ఇంకెవరిది అత్తయ్యా, మనిద్దరిది."