లహూ ఫొటో కింద

మహారాష్ట్రలో ఆట్‌పాడీ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం మేడ మీద ఒక గది. ‘మాణ్‌కాఠ్’ అనే వెబ్ పత్రిక ఆఫీసు. మిట్టమధ్యాహ్నం. సంపాదకురాలు సులభ, అందరికీ తాయీ, అంటే అక్క; ప్రకటనలు చూసే నందూ.

“ముందు ఇది చెప్పు నందూ. ఈ ప్రకటన ఎప్పటి నుంచి వస్తోంది?”

“ఏ ప్రకటన తాయీ?”

“ఇదిగో. మా చెల్లెలు తన ఫోన్లో చూసి స్క్రీన్‌షాట్ పంపింది. సరిగ్గా లహూ ఫొటో కింద. ‘విదేశాల్లో కంప్యూటర్ ఉద్యోగం, పదో తరగతి చాలు, వాట్సాప్ కోసం ఇక్కడ నొక్కండి.’ మనం రాసిందేమిటి? ఇలాంటి ఉద్యోగమనే చెప్పి ఆ కుర్రాడిని బ్యాంకాక్ తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి నది దాటించారు, కంచె లోపల పెట్టి జనాన్ని మోసం చేసే ఫోన్లు చేయిస్తున్నారు అని. దాని కిందే ఇదా?”

“అది మనం పెట్టింది కాదు.”

“మన పేజీ మీదే ఉంది.”

“చోటు మనది. అందులో ఏం వెయ్యాలో ఆ ప్రకటనల కంపెనీ మెషీను చూసుకుంటుంది. వార్తలో విదేశం, ఉద్యోగం, జీతం అన్న మాటలు కనబడ్డాయి. వాటికి సరిపోయేది వెతికి తెచ్చి తగిలించింది. ఏడుపు వార్తో పెళ్లి వార్తో దానికేం తెలుసు.”

“దానికి తెలీదు. నీకు తెలుసుగా. ఎప్పటి నుంచి?”

“టీ చెప్పనా?”

“నందూ.”

“తొమ్మిది రోజులు.”

“తొమ్మిది రోజులా? మరి నాకెందుకు కనబడలేదు?”

“నువ్వు చూసేది ఆఫీసు లాగిన్‌లోంచి. అందులో ప్రకటనలు రావు.”

“ఆపడం కుదరదా?”

“కుదురుతుంది.”

“కష్టమా?”

“ఒక గడిలో టిక్కు పెట్టడమే.”

“మరి?”

“మరేముంది. ఆ టిక్కు పెడితే వచ్చే నెల నుంచి పత్రిక ఉండదు. లహూ వార్త మూడు లక్షల మంది చదివారు తాయీ. మూడేళ్లలో మన వార్త దేనికీ అంతమంది రాలేదు. పైగా ఈ ఉద్యోగాల వాళ్లు మామూలు ప్రకటనకి నాలుగింతలిస్తారు. సబ్బువాడూ బిస్కెట్‌వాడూ ఇచ్చేది కరెంటు బిల్లుక్కూడా చాలదు.”

“చందాలున్నాయిగా.”

“ఎన్నున్నాయి?”

“మూడొందలు.”

“అవి దసరాకి. ఇప్పుడు నూట డెబ్బై. నెలకి వంద రూపాయలు, రెండు వడాపావ్‌లు తిని టీ తాగితే అయిపోతుంది. ఆ వందకీ ఏమంటున్నారో తెలుసా? ‘ఎందుకూ, వాట్సాప్‌లో ఎవరో ఒకరు పెడతారుగా’ అని. మన వార్తే, మన పేరు కత్తిరించి మరీ నాకే పంపిస్తున్నారు. బాగుంది చదువు అని.”

“ఊళ్లో ప్రకటనలు అడిగి చూశావా? కోచింగ్ క్లాసువాళ్లని?”

“నీళ్ల ట్యాంకర్ల దొంగలెక్క రాశావు చూడు, ఆ ట్యాంకర్లు ఆ క్లాసు ఓనరు బావమరిదివి. ఆ రోజు నుంచి నన్ను చూస్తే ఫోన్ చెవిలో పెట్టుకుంటాడు. కింద ఎరువుల సేఠ్ ఒక్కడే మిగిలాడు, అదీ మనమిచ్చే అద్దెలో మినహాయించుకుంటున్నాడు.”

“నేను ఇంకేదైనా చూస్తాను.”

“ఏం చూస్తావు? నీ స్కూటర్ ఏమైంది?”

“రిపేరుకిచ్చాను.”

“ఏడు వారాల నుంచా?”

“మాట మార్చకు.”

“మార్చింది నువ్వు. దిఘంచీలో వైశాలి రెండు నెలల నుంచి జీతం లేకుండా రాస్తోంది. లహూ సంగతి బయటికి తీసింది ఆ పిల్లే కదా. ఇరవై ఒకటో తారీఖున ఆ కంపెనీ డబ్బు పడుతుంది. ఇంకో వారం. ఆ పిల్ల చేతిలో జీతం పెట్టాక నువ్వు చెప్పిన టిక్కు పెడతాను, అమ్మతోడు.”

“వారంలో ఇంకెంతమంది నొక్కుతారు?”

“ఎవరూ నొక్కరు తాయీ. అంత వార్త చదివి, ఆ కంచె గురించి చదివి, ఎవడు నొక్కుతాడు?”

“ఎవరూ నొక్కకపోతే వాళ్లు మనకి డబ్బెందుకిస్తారు?”

“కరెంటు బిల్లు కూడా కట్టాలి తాయీ.”

“చెప్పు. ఎందుకిస్తారు?”

“నన్నెందుకిలా అడుగుతావు. నేనేం తిన్నానా ఆ డబ్బు?”

“లేదు. అందరం తిన్నాం. టిక్కు పెట్టు.”

“పత్రిక పోతుంది.”

“పోనీ.”

“పోనీ అనడం తేలిక. ఆ పిల్లవాడి గురించి రాయడానికి ఇంకెవడున్నాడు ఈ తాలూకాలో? మనం మూసేస్తే పోలీసులు కూడా ఆ ఫైలు మూసేస్తారు. అది ఆలోచించావా?”

“తొమ్మిది రోజులుగా నువ్వు ఆలోచించావుగా. పెట్టు నందూ. నా ముందు పెట్టు.”

“పెట్టాను. చూసుకో. అయిదు నిమిషాల్లో మొత్తం పోతుంది, ఎక్కడా కనబడదు. ఇక వైశాలికి నువ్వే చెప్పు.”

“చెప్తాను.”

“తాయీ, లోపలికి రావచ్చా? చెప్పులు మెట్ల దగ్గరే విడిచాను.”

“ఎవరూ... రఖమా మావశీ. రండి, రండి. నందూ, కుర్చీ ఇటు జరుపు. లహూ వాళ్లమ్మ.”

“ఇలా పక్కకి రా తాయీ, తిట్టడానికే వచ్చింది. చూసేసింది. నన్ను చెప్పనివ్వు.”

“నువ్వు నోరు మూసుకో. మావశీ, ఇంత ఎండలో ఎందుకొచ్చారు? కబురు పెడితే మేమే వచ్చేవాళ్లం.”

“పని నాది కదా తాయీ, నేనే రావాలి. ముందు ఇవి తినండి. జొన్న భాకరీ, వెల్లుల్లి కారం. పొద్దున్నే చేశాను, మెత్తగానే ఉంటాయి. ఇదిగో ఈ వంద కూడా తీసుకోండి. నెలకి వందంట కదా మీ పేపరుకి.”

“మీ దగ్గర చందా తీసుకుంటామా మావశీ. వద్దు.”

“తీసుకోవాలి. మీరు రాయకముందు స్టేషన్‌కి పదకొండు సార్లు వెళ్లాను. కూర్చోమన్నవాడు లేడు. మీరు రాశాక కలెక్టరు ఆఫీసు నుంచి మనిషి మా గుమ్మంలోకి వచ్చాడు. నీళ్లు తాగి, ‘మీ అబ్బాయి పాస్‌పోర్టు నంబరు చెప్పమ్మా’ అన్నాడు. ఈ వంద కాదంటే నేను బాధపడతాను.”

“మావశీ, ముందు మేం మిమ్మల్ని క్షమాపణ అడగాలి. లహూ ఫొటో కింద ఒకటి...”

“ఫొటో బాగుంది తాయీ. యాత్రలో తీయించుకున్నది. నాకు చదువు రాదు కదా, మా చిన్నోడు అంకుశ్ రోజూ చదివి వినిపించేవాడు. చివరిదాకా చదివి, కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివేవాడు.”

“మావశీ, నీళ్లు తాగండి. ఎండన పడి వచ్చారు.”

“తాగుతాను బాబూ. తిట్టడానికి వచ్చాననుకున్నారా ఏమిటి, అలా చూస్తున్నారు?”

“లేదు లేదు. అంకుశ్ రాలేదా? పన్నెండో తరగతి కదా వాడు. పరీక్షలా?”

“అదే చెప్పొస్తున్నాను. వైశాలి పాప రాసినప్పుడు, అన్న ఎక్కడున్నాడో కనుక్కునే దారి లేదా అని వాడు అడిగాడు. ప్రయత్నిస్తాం అంది. మాట నిలబెట్టుకున్నారు మీరు. కింద వేశారుగా.”

“ఏం వేశాం మావశీ?”

“అదే, నొక్కితే మాట్లాడతారే. అన్న ఫొటో కిందే. వాడు నొక్కాడు. ఎవరో ఆడపిల్ల, మరాఠీలోనే, చాలా మర్యాదగా మాట్లాడింది. ఉద్యోగం ఇస్తామంది. టికెట్టు కూడా వాళ్లదేనంది. ఏ ఊరని అడిగితే అన్న వెళ్లిన ఊరే చెప్పింది.”

“నందూ.”

“వింటున్నాను.”

“నేను వద్దన్నాను తాయీ. ఒకడు పోయింది చాలదా, నువ్వు గడప దాటితే నా శవం మీదుగా దాటు అన్నాను. రెండు రోజులు అన్నం పెట్టలేదు వాడికి. అప్పుడు ఫోన్ తెచ్చి చూపించాడు. ‘అమ్మా, ఇది మోసగాళ్లదైతే వాళ్లు వేస్తారా? సులభా తాయి పేపరమ్మా ఇది. అన్నని తీసుకురావడానికే దారి చూపించారు’ అన్నాడు. మీ పేరు విన్నాక ఇంక నేనేం మాట్లాడను. అన్నతో పాటే తీయించిన పాస్‌పోర్టు ఉంది, పంపించాను.”

“ఎప్పుడు?”

“మంగళవారం. ముంబైలో విమానం ఎక్కే ముందు మాట్లాడాడు.”

“నందూ, ఆ ప్రకటన తెరువు. నొక్కితే ఏ నంబరు వస్తుందో చూడు, త్వరగా.”

“ఇప్పుడేగా ఆపింది తాయీ. నీ ముందేగా.”

“వెనక్కి తే.”

“రాదు. ఎవరు వేశారో మనకి తెలియనివ్వరు. అసలు నంబరే మన దగ్గర లేదు.”

“మీరెందుకు కంగారు పడుతున్నారు బాబూ, నేను పెద్ద పని మీద రాలేదు. నిన్నటి నుంచి వాడి ఫోన్ మోగడం లేదు, అంతే. పక్కింటి వాళ్ల ఫోన్లోంచి చేసి చేసి విసిగిపోయాను. అక్కడున్నది మీ మనుషులే కదా తాయీ, మీరే ఒకసారి మాట్లాడి, నా ఇద్దరు పిల్లల్నీ ఇక పంపించెయ్యమని చెప్పండి.”