ఓబులేసు చోటు

ఓబులేసు కుంచె కింద బెట్టి, పంచె దులుపుకోని, ఎనక్కి చూడకుండా ఇంటికి ఎల్లిపోయినాడంట. అందరూ చూస్తాండంగానే, పడుగు మీద గంజి ఇంగా తడిగా ఉండంగానే. ఎవురీ ఓబులేసు అంటారా, చెప్తా, తొందరేమి, ఆ వక్కాకు సంచి ఇట్లందియ్యండి. మన నాలుగు సందులు కలిసే కాడ బయలుండాది కదా, రెండు రాతి గుంజలు నాటినారే, ఇప్పుడు మీరు బండ్లు నిలబెట్టుకుంటారే, అదే. పడుగుల బయలని దానికి పేరు. అప్పట్లో ఊళ్లో ఇంటికొక మగ్గం. మగ్గమెక్కిచ్చే ముందర పడుక్కి, అంటే కోకకు నిలువునా పోయే పోగులకి, గంజి పెట్టాల. ఈ గుంజ కాడ్నించి ఆ గుంజ దాకా పడుగు బిగిచ్చి కట్టి, రాగి గంజి పట్టిచ్చి, ఆరేలోపల కుంచెల్తో దువ్వాల. ఆరిపోయిందనుకో, పోగుకి పోగంటుకోని అట్ట కడ్తాది, మగ్గమెక్కినాక టపటపా తెగుతాది. ఒక ఇంటోళ్లతో అయ్యే పని కాదది. అందుకని ఏం చేస్తాండ్రంటే, పడుగు ఎవురిదో వాడు కోడికూతకి లేచి రాయి తీసుకోని గుంజ మీద కొడ్తాండె, టంగు టంగుమని. అంతే. ఎవుర్నీ పేరు పెట్టి పిల్చేది లేదు. విన్నోళ్లంతా కుంచెలు తీసుకోని వచ్చేది, ఎవురి చోట్లో వాళ్లు నిలబడేది. ఎందుకు పిలవకూడదంటే, పిలిచి పని చేపిచ్చుకుంటే కూలియ్యాల కదా. పిలిస్తే వచ్చినోడు కూలోడు, పిలవకుండా వచ్చినోడు మనోడు. అదీ మన బయలు కట్టుబాటు. ఎవురు పెట్టినారో మన చౌడమ్మ తల్లికే తెలియాల.

ఊరికి ఏం కావాలన్నా ఆ పడుగు కాడే అనుకో. కుంచె పట్టినోడు పని అయ్యేదాక యాటికీ పోయేదానికి లేదు కదా, అందుకని తగువులన్నీ ఆడే తీరతాండె. ఈ పక్కనుండేటోడు ఆ పక్కనుండేటోణ్ణి తిట్టేది, వాడు వీణ్ణి తిట్టేది, చేతులు మటుకు దువ్వతానే ఉండేది. పని అయ్యేసరికి కోపం గూడ అయిపోతాండె. పెండ్లి మాటలూ ఆడే. ఆడపిల్లలు తెగిన పోగులు అతికేదానికి పడుగు మీదికి వంగుతారు కదా, ఎదురుగ్గా కుంచె పట్టినోడు దువ్వేది మర్సిపోతాండె. నగద్దండి మే, మీ అవ్వలంతా అట్ల కుదిరినోళ్లే. ఎవురింట్లో ఎవురికి జరమొచ్చింది, ఎవురి ఎనుము ఈనింది, అన్నీ పొద్దు పొడిచేలోపల ఆ బయల్లో తెలిసిపోతాండె.

ఓబులేసుది నడిమి చోటు. ఎంత బిగిచ్చి కట్టినా పడుగు నడిమిన కుంగుతాది, గంజంతా ఆడికే జారతాది. చెయ్యి తిరిగినోడు గాని ఆడ నిలబడలేడు. వాళ్ల నాయన పోయినాక ఆ చోటు ఆయప్పదే. పక్క చోటు తిప్పన్నది. తిప్పన్న వరసకి బావ, ఇద్దురూ చిన్నప్పట్నించి ఒగే కంచంలో తిన్నోళ్లు. ఏమైందంటే, ఓబులేసు వాళ్లమ్మ కాలం చేసింది. ఆయమ్మ బతికినన్నాళ్లు పడుగు పని అయ్యేసరికి పడమటి సందు మొదట్లోంచి మజ్జిగ కడవ ఎత్తుకోని వస్తాండె. అమ్మ పోయినాక వచ్చిన తొలి పడుగు అది. కుంచె ఆడిస్తా ఆడిస్తా ఓబులేసు ఆ సందు మొదలు దిక్కు చూసినాడు. చెయ్యి నిల్చిపోయింది. తిప్పన్న ఆ చెయ్యి చూసినాడు గాని కండ్లు చూల్లేదు. "గంజి ఆరిపోతాంది! యాడ చూస్తాండావ్ బావా? నిద్రొస్తే ఇంటికి పోయి పండుకో పో" అన్నాడంట, అందురూ వినేట్టు. అందురూ నగినారంట. రోజూ ఇట్లాంటి మాటలు నూరు అనుకునేటోళ్లే, పాపం. ఆ పొద్దు ఆ మాట పోయి యాడ తగలగూడదో ఆడ తగిలింది.

అట్ల కుంచె కింద బెట్టి పోయినోడు, కాళ్లు నిదానంగానే ఏసినాడంట, ఎవురన్నా ఎనకనించి ఓబులేసూ అంటారేమోనని. ఎవురూ అనలా. సందు మలుపులో వాళ్లిల్లు. గుంజ సప్పుడు వినిపిస్తాది, బయలు కనపడదు. మర్నాడు ఇంగోరి పడుగుకి గుంజ మోగింది. వాళ్ల ఇంటామె చెన్నక్క బయల్లో వదిలేసిన కుంచె తెచ్చిచ్చి, పో అయ్యా అనింది. "పిలవని పేరంటానికి పోయేదానికి నాకేం సిగ్గులేదా" అన్నాడంట. "ఆ బయలంతా పిలవని పేరంటమే కదయ్యా, నిన్నెప్పుడు పిల్చినారు, నువ్వెప్పుడు పోకుండా ఉండావు" అని ఆయమ్మ. "అప్పుడు పొమ్మనలా, ఇప్పుడు పొమ్మన్నారు. పొమ్మన్నోళ్లు రమ్మనాల" అని ఈయప్ప. చూడండి మరి, ఈన్ని పిలిస్తే గానీ పోడు, వాళ్లు పిలిచేదానికి లేదు. తెగేదాక లాగద్దని ఊరికే అన్నారా పెద్దోళ్లు!

ఒగ ఏడాది పాయె, రెండేండ్లు పాయె, ఇంగ ఎవురూ లెక్క పెట్టుకోలా. తన పడుక్కి ఇంటి ఎనక దొడ్లో, పొట్టి పొట్టి పడుగులు పోసుకోని, మొగుడూ పెండ్లామూ ఇద్దురే గంజి పెట్టుకుంటాండ్రి. సగం అట్ట కడ్తాండె, అది పారేస్తాండ్రి. అది గాదు నేను చెప్పేది. గుంజ మోగిన పొద్దల్లా ఓబులేసు లేచి కుంచె తీసుకోని నీళ్లల్లో నానబెడ్తాండె. ఎండిన కుంచె పనికి రాదు కదా, నానాల. నానబెట్టి, తలుపు ఎనకమాల నిలబడి చెవి అటేస్తాండె. కుంచెల సప్పుడు, నగేది, తిట్టుకునేది అన్నీ వినిపిస్తాండె. పొద్దెక్కి సప్పుడు అణిగినాక కుంచె పిండి మల్లా చిలక్కొయ్యకి తగిలిస్తాండె. చెన్నక్క అది చూసి చూడనట్టు పొయ్యి ఊదుకుంటాండె. పొగ లేకపోయినా కండ్లు తుడుచుకుంటాండె.

ఒగసారి కోకలు కొనే షావుకారు వచ్చి, "ఏందప్పా మీ ఊరి కోకలు, అన్నీ బాగుంటాయి, పడుక్కొక కోకలో మటుకు ఒగ చోట అన్నీ ముడులే! తెగిన పోగులు అతికి అతికి పెట్టింటారు. నీవి గరుకే గానీ ఆ ముడులుండవు" అన్నాడంట. ఓబులేసు నగినాడు. "నేను లేకపోతే వాళ్లకి గంజి పెట్టేది గూడ చేతకాలా" అని ఆ పొద్దు రొండు ముద్దలు ఎక్కవే తిన్నాడు. మర్నాడు గుంజ మోగితే మల్లా కుంచె నానబెట్టినాడు. ఇంగ నగి ఏం లాభం?

ఇట్లుండంగా తిప్పన్న కూతురు కాన్పుకి పుట్టింటికొచ్చి బిడ్డను కన్నింది. మొగోళ్లు మాట్లాడుకోకపోతే ఆడోళ్ల రాకపోకలు నిలుస్తాయా? చెన్నక్క బాలింతను చూసొస్తామని పోయింది. తిప్పన్న మగ్గం గుంతలో కూచ్చోని నేస్తాండాడు, ఈయమ్మ వచ్చింది చూసుకోలా. వాళ్ల ఇంటామె గంగక్క అన్నానికి లెయ్యమనింది. అప్పుడే టప్పున ఒగ పోగు తెగింది, ఆ పక్కనే ఇంగోటి, ఇంగోటి. అడ్డపోగు తోసే నాడె పక్కన బెట్టి, "ఓబులేసు చోటొచ్చింది. అన్నం తర్వాత" అన్నాడంట తిప్పన్న. గంగక్క నాలిక్కరుచుకునింది. చెన్నక్క నిల్చిన చోట్నే నిల్చిపోయి, "ఏం చోటు వదినా, ఏం మాటిది" అనింది.

ఇంగ దాచేదేముండాది? గంగక్క చెప్పింది. మీ ఆయన పోయిన కాడ్నించి ఆ నడిమి చోట ఎవురూ నిలబడ్లేదు వదినా అనింది. ఇటుపక్కోడు చెయ్యి చాపితే అందుతాది, అటుపక్కోడు చాపినా అందుతాది, ఎవురూ చాపరు. ఎవురన్నా వయసు పిల్లోడు తెలీక పోయి నిలబడితే, ఆ చోటు ఖాళీ లేదు నాయనా, పక్కకి రా అంటాడు మీ అన్న. కుంచె పడకపోతే అట్ట కడ్తాది కదా, ఊరందరి పడుగులూ ఆడికొచ్చేసరికి తెగుతాయి. తెగితే అందురూ మగ్గం నిలిపి, ఓబులేసు చోటొచ్చింది అనుకోని, కూచ్చోని ముడేసుకుంటారు. మీ ఆయన మొకం చూడని పిల్లోళ్లు గూడ అదే మాటంటారు వదినా, నువ్వొస్తే మటుకు నోరు మూసుకుంటారు. చెన్నక్క గుంత దిక్కు తిరిగి, "ఇంత ప్రేమ ఉన్నోనివి, వచ్చి ఒగ మాట పిలవకూడదా అన్నా?" అనింది. తిప్పన్న తల ఎత్తలా. పోగు ముడేస్తానే, "నా బావను కూలోణ్ణి చెయ్యమంటావా మా?" అన్నాడంట.

చెన్నక్క ఇంటికొచ్చి అంతా చెప్పింది. ఓబులేసు ముందు అబద్దమన్నాడు. వాళ్లకంత ప్రేముండాదా అన్నాడు. కొంచేపటికి షావుకారు చెప్పిన ముడులు యాదికొచ్చినాయి. అట్లే గోడకానుకోని కూచ్చుండిపోయి, "నేను నగినాను కదే చెన్నీ, ఆ ముడులకి నగినాను" అన్నాడంట. నన్నెవురూ పిలవలేదు పిలవలేదని ఇంట్లో కూచ్చుంటే, ఊళ్లో మగ్గం మగ్గం పేరు పెట్టి పిలస్తానే ఉండాది. ఈనికి వినపళ్లా, అంతే.

తెల్లారి గుంజ మోగింది. ఎవురి పడుగో గూడ అడగలా, రాత్రే నానబెట్టిన కుంచె తీసుకోని బయల్దేరినాడు. సందు మలుపు కాడ కాళ్లు నిల్చిపోయినాయంట. ఏమని పోయేది, ఏమని నిలబడేది? తల ఎత్తి చూస్తే పడుక్కి ఈ పక్కా ఆ పక్కా జనం, చుట్టాలు, పిల్లోళ్లు, తను పేరు ఎరగనోళ్లు గూడ. తిప్పన్న తల నెరిసిపోయింది. ఆ తిప్పన్న పక్కన, ఒగ మనిషి పట్టేంత బయలు. పోయి ఆడ నిలబడినాడు. కుంచెలన్నీ నిల్చిపోయినాయి. తిప్పన్న పడుగు మీదనించి చూపు తియ్యకుండా, "గంజి ఆరిపోతాంది" అన్నాడంట. అదే మాట. ఓబులేసు కుంచె ముంచినాడు. ఈసారి ఎవురూ నగలా.

ఆ తర్వాత తిప్పన్న పడుగొచ్చింది, అందురూ గంజి పెట్టినారు, మగ్గమెక్కిచ్చినారు. నేస్తా నేస్తా నడిమికొచ్చినాడు. ఇన్నేండ్ల అలవాటు కదా, నాడె పక్కన బెట్టి, "ఓబులేసు చోటొచ్చింది, అన్నం తర్వాత" అన్నాడు. ముడేస్తామని పోగుల మీద చెయ్యేసి చూసినాడు. ఈ కొస నించి ఆ కొస దాక తడిమినాడు. ఒగ పోగు గూడ తెగలా. గంగక్క వచ్చి చూస్తే గుంతలో కూచ్చోని ఏడుస్తాండాడంట పెద్దమనిషి. "తెగలేదు గంగీ" అంటాడంట. "తెగకపోతే ఏడుస్తారా ఎవురన్నా" అని ఆయమ్మ నగింది. నగతా నగతా తనూ ఏడ్చింది.

ఇదీ కత. ఇంగిప్పుడు పడుగులు మిల్లులోనే గంజి పెట్టుకోని వస్తాండాయి, నున్నగా, ఎంత లాగినా తెగవు. నేసేటోనికి సుకమే, నేను కాదనను. గానీ ఆ కోకలో ఎవురి చోటుండాది చెప్పండి? గుంజలుండాయి, కొట్టేటోళ్లు లేరు. కోడికూతకి నాకు ఇంగా మెలకువొస్తాది, చెవి అటే పోతాది. ఏం వినపడతాది, నా మొకం, కుక్కలు అరిచేది వినపడతాది. సరే, లెయ్యండి, పోయి తినండి. ఒరే కుళ్లాయిగా, నీ బండి ఆ గుంజల నడిమిన పెట్టినావే, పొయ్యేటప్పుడు పక్కకి తీసి పెట్టుకో నాయనా. ఆ చోటు ఖాళీ లేదు.