లోగాకి జొరం కాదు

హలో… ఆ, నేనేనండి. లోగేశ్వరి అమ్మని, నాగవల్లిని… ఓ, యోగేశ్వరి టీచరా! నమస్కారమండి.

…జొరమండి. అందుకే ఇస్కూలుకి పంపలేదు… ఆ, ఇంకా తగ్గలేదండి.

…డాక్టరుకి సూపించినాం… అంటే, సూపిస్తాం.

టీచరమ్మా, ఒక్క మాట. దాన్ని మీ కౌన్సెలింగు గదికి పిలవొద్దండి. పిల్లలు సూస్తారు. మలేసియాలో తెలుగోళ్ళమే తక్కువ, ఈ హుటాన్ మెలింటాంగు ఊళ్ళో అయితే పిడికెడు మంది. పిచ్చిదని ఒక్కరన్నా ఇపో పట్నం దాకా పాకిపోద్ది.

…మీరూ తెలుగోళ్ళేనని తెలుసండి. అందుకే మీతో అంటే మరీ సిగ్గు.

…ఆ సప్పుడా? గంటండి. ఇంట్లో సిన్న పూజ… పూసారి వచ్చినాడు. వేపమండలు, నిమ్మకాయలు…

…సరే, మీకాడ దాపరికమెందుకు. జొరం కాదు టీచరు. బండి మీద మా లోగా, దాని నేస్తం పుష్ప ఎల్లినారు కదా. లారీ కొట్టేసి ఆ పుష్ప అక్కడికక్కడే… మాది బతికి వచ్చినాది. అప్పట్నుంచి సరిగ్గా తినదు, పడుకోదు. పక్కన ఇంకో కంచం పెట్టుకుని దాంతో మాటాడతాది. దెయ్యం పట్టిందని మా అత్త అనేసినాది. నేనూ తలూపినాను.

…ఎవరి దెయ్యమంటే… పుష్పదే.

…ఎవర్ని తరమమన్నానంటే… అలాగడక్కండి టీచరు. తల కొట్టేసినట్టుంది.

పుష్ప మా వంటింట్లోనే పెరిగినాది. వాళ్ళమ్మ ఫేక్టరీకెల్తే ఇక్కడే తినేది. నా కూతురు నాతో తమిళమే మాటాడతాది. ఆ తమిళ పిల్ల మట్టుకు గుమ్మంలోంచే "అమ్మా, కూర ఏటి?" అని తెలుగులో అడిగేది… ఆ పిల్లని పొమ్మనడానికి మనిషిని పిలిపించినాను. నేనే.

…ఆ, లోగా ఏడుపే. "ఎవరే నువ్వు, ఎల్తావా ఎల్లవా" అని పూసారి వేపమండతో… ఒక్క నిమిషం.

సామీ! ఆపండి… ఆపమంటన్నానా! అత్తా, నువ్వు మాటాడకు. పూజా లేదు, ఏటీ లేదు. ఆ మండలు బయట పడీండి.

…ఉన్నాను టీచరు. ఏటందో విన్నారా? "అమ్మా, పుష్పని పొమ్మనకు" అంది. తెలుగులో అంది టీచరు. నాకు తెలుగులో సెప్తేనే ఎక్కుద్దనుకున్నాది కాబోలు… దాని మొకం సూడలేకపోతన్నాను.

…తిట్టనండి. కంచం తియ్యమనను.

…రేపు నేనే మీ గదికి తీసుకొస్తాను. ఇస్కూలు ముందు గేటులోంచే వస్తాం. సూసినోళ్ళని సూడనీ. పిచ్చిపని సేసినది నేను, అది కాదు.

…ఉంటానండి. పొద్దుట్నుంచి దాని కడుపులో ఏటీ లేదు.

లోగా… రా అమ్మా. కంచాలు తే. రెండూ తేయే…