నొసటికి ఆనని చెయ్యి

ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా గుడి విచారణ గురువులు బాలశౌరి ఫాదర్‌గారికి, మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినమ్మగారికి, వచ్చిన పెద్దలకు, తల్లిదండ్రులకు, కింద పట్టాల మీద సర్దుకుని కూర్చున్న నా పిల్లలకు నమస్కారాలు. ఫాదర్‌గారూ, మీ దగ్గు తగ్గిందా? పొద్దున పూజలో రెండుసార్లు ఆగారు. ఆ తర్వాత మీరు చెప్పింది నా చెవికి ఎక్కలేదు, మిరియాల కషాయం పంపిద్దామా వద్దా అనే ఆలోచనే. సిస్టర్‌గారూ, మీ మోకాలు ఎట్లా ఉంది, మెట్లు ఎక్కవద్దని చెప్పినా ఈ వేదిక ఎందుకు ఎక్కారు? బాలకోటయ్యగారూ, మీరు బీపీ మాత్ర వేసుకునే వచ్చారా? బెల్లంకొండ అవతల మీ మిరపతోట నుంచి ఎండన పడి వచ్చారు, కాసిని మంచినీళ్ళు తాగండి. హనుమాయమ్మ వదినా, నీ కాలిన చెయ్యి ఆరిందా? ఇన్నేళ్ళుగా ఈ పిల్లలకు అన్నం వండి పెడుతూ తన చేతికి మందు రాసుకోవటానికి మాత్రం తీరిక లేని మనిషి ఆమె. పిల్లలూ, మీలో ఎవరికన్నా ఒళ్ళు వెచ్చగా ఉందా? ఆ మూల ఫ్యాను కిందవాళ్ళు కాస్త ఇటు జరగండి, అది ఊగుతున్న చప్పుడు వినపడుతోంది.

(నవ్వులు)

నవ్వండి, ఫర్వాలేదు. నా పేరు ఆరోగ్యమ్మ అని పెట్టిన రోజే మా నాన్న అందరి ఆరోగ్యాలూ నా నెత్తిన పెట్టాడని సిస్టర్‌గారు అంటుంటారు. మూడో తరగతితో చదువు ఆగిన మనిషిని. నేను చెప్తుంటే మా మనవరాలు హిమజ ఈ కాగితం రాసిపెట్టింది, కానీ కళ్ళు ఆనక అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడుతున్నాయి కాబట్టి నోటికి వచ్చిన వరసలోనే మాట్లాడతాను.

ఒక సంగతి ముందే చెప్పుకుంటాను, లేకపోతే చివరికి ధైర్యం మిగలదు. నాలుగో తరగతిలో కుసుమ అనే పిల్ల ఉంది. ఈస్టరు తర్వాతి ఆదివారం తోటి పిల్లలతోపాటు అది కూడా మొదటిసారి దివ్యసత్ప్రసాదం, పూజలో ఫాదర్‌గారు ఇచ్చే అప్పం, తీసుకోవాల్సింది. సిద్ధంగా లేదని దాన్ని వచ్చే ఏడాదికి ఆపారు. నేను సోమవారం నరసరావుపేటలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను, శుక్రవారం కంటి ఆపరేషన్. వెళ్ళేలోపు ఫాదర్‌గారితో ఆ పిల్ల మాట మాట్లాడాలని బంగళా గేటు దాకా పోయాను. లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చాను. ఇంకోసారి పోయి, లోపల ఫాదర్‌గారు తప్ప ఎవరూ లేరని తిరిగి వచ్చాను.

(నవ్వులు)

ఇప్పుడు మైకు చేతిలో పెట్టారు, అటు సిస్టర్‌గారు, ఇటు పూలదండలు, తిరిగి పోవటానికి దారి లేదు. కాబట్టి అడుగుతాను. అయితే వరసగా చెప్పకపోతే నాకే తెగదు.

మా ఆయన ఈ విచారణకు, ఈ గుడి కింద ఉన్న పల్లెలన్నిటికీ, జపాలు నేర్పే ఉపదేశిగా ఉండేవారు. ఆయన పోయాక, మా ఇంటి అరుగు మీద నేను మా పిల్లల చేత జపాలు చెప్పించటం విని, అప్పటి సిస్టర్లు బడిలో సత్యోపదేశం చెప్పమన్నారు. దేవుడి మాట తప్పు చెబితే ఆ తప్పు నాదా, పిల్లలదా, ఎవరు లెక్క చెప్పాలి అని ఆ రాత్రంతా బెంగ. ఆ బెంగ ఈ రోజుకీ పోలేదు, అది ఉండబట్టే తెలియనిది తెలియదని చెప్పటం నేర్చుకున్నాననుకుంటాను.

మన బడి సంగతి మీకు తెలుసు. గంట కొట్టగానే మన గుడి పిల్లలు నా గదికి, మిగతా పిల్లలు పక్కగదిలో నీతిపాఠానికి పోతారు. హనుమాయమ్మ మనవడు సాయిరామ్ మాత్రం నీతిపాఠం నుంచి జారుకుని నా గదిలో వెనక కూర్చునేవాడు. చెయ్యి పట్టుకుని పక్కగదిలో దిగబెట్టి వస్తే నాకంటే ముందే వచ్చి కూర్చునేవాడు. నాకేమో, వాళ్ళింట్లో ఏమనుకుంటారోనని భయం. చివరికి వంటగదిలోకి పోయి ఆమెనే అడిగాను.

"వదినా, మీవోడు నా గదిలో కూచుంటుండాడు. మీవాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో."

"ఏందనుకునేది? ఆ గంటసేపన్నా నోరు మూసుకొని కూచుంటుండాడా?"

"కూచుంటుండాడు."

"అయితే మీ దేవుడికి మా దండం చెప్పు. మా ఇంట్లో ఎవురి వల్లా కాలా."

(నవ్వులు)

వాడు ఇప్పుడు దాచేపల్లిలో సిమెంటు లారీ నడుపుతున్నాడు. అదిగో, గుమ్మం దగ్గర వాడి నవ్వు వినపడుతోంది. బాబూ, లారీ నీడన పెట్టావా? తిన్నావా?

లారీలంటే గుర్తొచ్చింది. నా గది రోడ్డు పక్కది. సున్నపురాయి లారీ పోతుంటే మాట వినపడదు, కాబట్టి జపం మధ్యలో ఆపి, అది పోయాక మళ్ళీ అందుకునేవాళ్ళం. ఒకసారి పీఠాధిపతులవారు, బిషప్‌గారు, వచ్చినప్పుడు పిల్లలు గుడిలో మరియమాత మంగళవార్త జపం చెబుతూ మధ్యలో అందరూ ఒక్కసారే ఆగిపోయారు. రోడ్డు మీద చీమ కూడా లేదు. ఆయన పిల్లల భక్తికి మురిసిపోయి, ఎంత చక్కగా ధ్యానిస్తున్నారో అన్నారు. నేను నిజం చెప్పలేకపోయాను.

(చాలాసేపు నవ్వులు)

ఇక సిలువ గుర్తు. మొదటి రోజుల్లో పిల్లలకు ఎదురుగా నిలబడి నేర్పేదాన్ని. నేను కుడిచెయ్యి ఎత్తితే నాకు ఎదురుగా ఉన్న పిల్లలు అద్దంలో చూసినట్టు ఎడమచెయ్యి ఎత్తేవాళ్ళు. చెప్పి చెప్పి అలిసిపోయి, నేనే వెనక్కి తిరిగాను. గోడకు తగిలించిన మరియమాత పటం వైపు ముఖం పెట్టి, పిల్లలకు వీపు చూపించి, నొసట, రొమ్మున, ఒక భుజాన, మరో భుజాన మెల్లగా చెయ్యి పెట్టేదాన్ని. వెనక నుంచి బట్టల చప్పుడు, పలక కిందపడ్డ చప్పుడు, ఎవరో ఎవరినో గిల్లిన చప్పుడు వినపడేవి. ఆ తర్వాత చెయ్యి తప్పిన పిల్ల లేదు.

కానీ ఈ నెల రోజులుగా ఒకటే తలపు. ఇంతమంది పిల్లలు మొట్టమొదటిసారి నొసట చెయ్యి పెట్టుకున్నారు, ఆ సమయంలో ఒక్కళ్ళ ముఖమూ నేను చూడలేదు. కళ్ళు బాగున్నన్నాళ్ళూ గోడ వైపు చూశాను. ఇప్పుడు తిరిగి చూద్దామంటే మీరందరూ ఒక్క తెల్లటి మసకలా కనపడుతున్నారు, గొంతు వింటే తప్ప ఎవరు ఎవరో తెలియదు. నరసరావుపేటలో మా అమ్మాయి ఇల్లు మూడో అంతస్తులో. మంచి ఇల్లు, నీళ్ళకు కొదవ లేదు. కానీ గంట కొట్టే వేళకు అక్కడ ఏం వినపడుతుంది? కింద ఎవరో బండి స్టార్ట్ చేస్తారు, అంతే. అమ్మమ్మా వీడు చూడు, అమ్మమ్మా ఇది చూడు అనే అరుపు లేకుండా పొద్దు ఎట్లా గడుస్తుందోనని ఇప్పటి నుంచే గుండె పీకుతోంది. ఇక్కడ ఉండగానే ఇక్కడి కోసం బెంగపడుతున్నాను, ఇదేం మనిషినో.

(ఒక అమ్మాయి నీళ్ళ గ్లాసు తెచ్చింది)

నీళ్ళు వద్దమ్మా, బాగానే ఉన్నాను. కుసుమ సంగతి చెప్పాలి.

పోయిన నెల ఫాదర్‌గారు పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి పరీక్ష చేశారు. ఆ రోజు నేను కంటి ఆసుపత్రిలో ఉన్నాను. వచ్చేసరికి తెలిసింది, కుసుమను ఆపారని. అది సిలువ గుర్తు వేసుకుంటే చెయ్యి నొసటికి బెత్తెడు దూరంలోనే తిరిగి పోయిందట. గాలిలో ఈగను తోలినట్టు ఉందని, సిలువ గుర్తే రాని పిల్లకు సత్ప్రసాదం ఎట్లా ఇస్తామని ఫాదర్‌గారు అన్నారు. ఎవరు చూసినా అదే అంటారు. నాకూ కోపమే వచ్చింది, ఇన్నాళ్ళు నేర్పింది ఇదేనా అని. ఆ సాయంత్రం గుడి మెట్ల మీద కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఏమే కుసుమా, నొసటికి చెయ్యి ఆనియ్యలేదంట, ఎందుకే?"

"మంట పుట్టుద్ది గదా అమ్మమ్మా."

"ఏం మంట?"

"కాయల మంట. కోతకాడ మొహం ముట్టుకుంటే మా అమ్మ చేతి మీద ఒకటేసుద్ది. కళ్ళు పోతయ్యంటది."

"ఆ రోజు నువ్వు కోతకు పోలేదుగా."

"పోలా. అలవాటైపోయింది."

"ఆ మాట ఫాదర్‌గారితో చెప్పొద్దా?"

"ఆయన అడగలా. సరే, ఇంక పో అన్నాడు."

అది సెలవు రోజుల్లో తల్లి రాహేలు వెంట మిరప కోతలకు పోతుంది. పిల్లను పనికి పెట్టారని కాదు. తల్లి కోస్తుంటే పక్కన కూర్చున్న పిల్ల నాలుగు కాయలు తుంచకుండా ఉంటుందా? మిరపచేలో పెరిగిన పిల్ల చెయ్యి ముఖం దాకా పోయి ఆగుతుంది. నా గదిలోనూ అది అట్లాగే ఆగి ఉంటుంది. నేను గోడ వైపు చూస్తున్నాను కాబట్టి నాకు కనపడలేదు.

(ఫాదర్‌గారు కుర్చీలోంచి: "ఈ సంగతి నాకు తెలియదమ్మా. మాది తెనాలి పక్క, వరి పండే ఊరు.")

మీకు ఎట్లా తెలుస్తుంది ఫాదర్‌గారూ, రోజూ ఒకే గదిలో ఉన్న నాకే తెలియలేదు. మిమ్మల్ని తప్పుపట్టటానికి ఈ మైకు పట్టుకోలేదు. జరిగింది ఇంకా ఉంది. ఈ ఏడు ఎట్లాగూ లేదన్నారు గదా, ఇక్కడ ఉండి ఏం చేస్తుందని రాహేలు పిల్లను తనతో తీసుకుపోయింది. బాలకోటయ్యగారి తోటలోనే పట్టా కప్పిన గుడారంలో ఉన్నారు.

(సిస్టర్‌గారు: "బడికి కూడా రావటం లేదు.")

అవును సిస్టర్‌గారూ, అదీ ఒక బెంగే. మొన్న రాహేలు ఫోన్ చేసి, "పిన్నమ్మా, అన్నం ముందు చెయ్యెత్తటం మానేసిందే ఇది. ఎందుకే అంటే నాది తప్పంట గదా అంటది" అని చెప్పింది. ఫాదర్‌గారూ, నా భయం అది. సత్ప్రసాదం ఒక ఏడు ఆలస్యమైతే దేవుడు ఎక్కడికీ పోడు. కానీ పిల్ల ఆ చెయ్యి దింపేసింది. పెద్దయ్యాక ఎవరు ఎత్తమన్నా ఎత్తదు.

(ఫాదర్‌గారు: "పిల్లను తీసుకురమ్మనండి, మళ్ళీ అడుగుతాను.")

మీ మాటకు దండం. కానీ అది ఆ గదిలోకి మళ్ళీ రాదు. గుమ్మం చూడగానే తల్లి చెయ్యి విదిలించుకుని పారిపోతుంది. పెద్దవాళ్ళం మనకే ఒకసారి కాదన్న గడప తొక్కాలంటే కాళ్ళు రావు. నన్ను ఎవరూ కాదనకపోయినా నేనే గేటు దాకా పోయి తిరిగొచ్చాను కదా.

(ఫాదర్‌గారు లేచి నిలబడి: "అయితే నేనే పోతానమ్మా. ఆ పిల్ల ఉన్నచోటికే.")

(చప్పట్లు)

ఆగండి, చప్పట్లు తర్వాత. ఎప్పుడు పోతారు ఫాదర్‌గారూ? ఈస్టరు ముందటి తపస్సు కాలం, శుక్రవారాలు సిలువ మార్గం ఉంటుంది, మధ్యలో ఎవరన్నా చనిపోతే అక్కడికి పోవాలి. తారీకు అనుకోకపోతే రోజులు జరిగిపోతాయి. నన్ను తిట్టుకున్నా సరే, తారీకు చెప్పండి.

(బాలకోటయ్యగారు వెనక వరుస నుంచి: "మీరు రోజు చెప్పండి ఫాదర్‌గారూ, ఆ పూట కోత ఆపిచ్చేస్తా. కూలి మాత్రం తగ్గియ్యనులే అక్కా, నువ్వు దానికి బెంగ పెట్టుకోబాక.")

(నవ్వులు. ఫాదర్‌గారు సిస్టర్‌గారితో మాట్లాడి: "వచ్చే ఆదివారం, ఎనిమిదో తారీకు. రెండో పూజ అవగానే బయలుదేరతాను.")

ఎనిమిదో తారీకు. నాకు ఆపరేషన్ ఆరున. డాక్టరుగారు దుమ్ముకూ ఘాటుకూ దూరంగా ఉండమన్నారు, కాబట్టి నేను రాలేను. దాన్ని చూడాలని ఎంత ఉన్నా రాలేను. అందుకే ఇక్కడే చెప్పేస్తాను. అక్కడ బల్ల, కుర్చీ వేయించుకోవద్దు ఫాదర్‌గారూ, గట్టు మీద దాని పక్కన కూర్చోండి. ముందు చేతులు మజ్జిగతో కడగమని రాహేలుకు చెప్పండి. జపాలు అన్నీ వచ్చు, కానీ వెంటనే అడగవద్దు, కాసేపు కాయల సంగతి అడగండి, అది బాగా చెబుతుంది. నెత్తికి తువ్వాలు కట్టుకోండి, దగ్గు బిళ్ళ జేబులో పెట్టుకోండి, కళ్ళు మాత్రం తుడుచుకోవద్దు.

(నవ్వులు)

నన్ను ఇన్నేళ్ళు భరించిన సిస్టర్‌గార్లకు, ప్రతిరోజూ నాకు ఒక గరిటె పప్పు తీసిపెట్టిన హనుమాయమ్మ వదినకు, ఇంతమంది ముందు నా మాట కాదనని ఫాదర్‌గారికి, కోత ఆపుతానన్న బాలకోటయ్యగారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. నా పిల్లలూ, ఇకపై మీకు చెప్పబోయే సిస్టర్‌గారు నాకంటే బాగా చదువుకున్నవారు, ఆమెను విసిగించకండి, నన్ను మాత్రం అప్పుడప్పుడు తలుచుకోండి. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడండి. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. ఇల్లు చేరేదాకా కూడా ఆగలేను, ఈ వేదిక దిగగానే రాహేలుకు ఫోన్ చేస్తాను, ఆ పిల్లకే ఇమ్మని చెబుతాను: కుసుమా, మార్చి ఎనిమిది, ఆదివారం, రెండో పూజ అయ్యాక ఫాదర్‌గారు నీ కోసం చేనికి వస్తున్నారు.