మాలక్ష్మి గదువ మీద గుంట

అద్దం ముంగట పెట్టుకొని ఎవల మొకం వాళ్లు గీస్కరమ్మన్నడా మీ కాలేజి మాస్టరు? మంచిగున్నది చదువు! ఫీజులు కట్టి మొకాలు చూసుకునుడు నేర్సుకుంటున్నరు. కూసో పిల్లా, అలగకు. ఆ అద్దం అవతల పెట్టు. అద్దం లేకుంటనే తన మొకం తాను చేసుకున్నామె ఉండె ఈ ఇంట్ల. మా చిన్నత్త కాశీబాయి. మా మామ వెంకట్రావ్ లేడా, ఆయన తమ్ముని పెండ్లాం. తల్లిగారూరు భోకర్. పద్దెనిమిదేండ్లకే మొగడు సచ్చిండు. గంతే, బొట్టు పాయె, గాజులు పాయె, అద్దం గూడ పాయె. విధవ అద్దం చూడొద్దట. చూస్తే ఏమైతదో, అద్దం పలుగుతదో ఏందో! ఇగ మా మామకైతే ఆమె మొకమే తెల్వదు. తమ్ముని పెండ్లాం మొకం బావ చూడొద్దు, అదొక శాస్త్రం. విధవ ఎదురస్తే అపశకునం, అదింకొక శాస్త్రం. ఆయన దగ్గితే సాలు, ఈమె కొంగు గుంజుకొని తలుపు సాటుకు ఉరకాలె. ఇరవై ఏండ్లు ఆమె వండింది తిన్నడు, మొకం చూడలే. అగో, గదీ మా పెద్దమనిషి!

ఆమె చేతుల మాత్రం కళ ఉండె. భాద్రపదంల మాలక్ష్ములను కూసోబెడతం గద, పెద్దామె, చిన్నామె, ఇద్దరక్కచెల్లెండ్లు, మూడొద్దులు. ఆ మట్టి మొకాలకు యేటా రంగులేసేది కాశీబాయే. రంగులేసే దాంక ఆమె చెయ్యి కావాలె. మొకాలు గద్దె మీదికెక్కి, పట్టుచీరలు కట్టినంక ఆమె ఆ అర్ర గడప తొక్కొద్దు! తను చేసిన తల్లి చీరల ఎట్లుంటదో ఒక్కపారన్న చూడాల్నని ఆమె పానం కొట్టుకునేది. ఒకసారి మా అత్త ఉమాబాయిని అడగనే అడిగింది, "అక్కా, కిటికీల నుంచన్న చూస్త" అని. మా మామ ఇన్నడు. ముక్కుతోని మాట్లాడేటోడు, గిట్ల: "ముండమోసిన కండ్లు తల్లి మీద పడితే ఇల్లు నాశనం. ఇంకోసారి అడిగితే భోకర్ బండెక్కిస్త." భోకర్ల ఎవలున్నరు ఆమెకు? తల్లి లేదు, తండ్రి లేడు, ఇంత ముద్ద పెట్టేటోళ్లు లేరు.

ఆ యేడే పెద్దామె మొకం ఎలుకలు దొర్లిచ్చి రెండు పలకలైంది. పండుగ ఇంక వారమే ఉండె. "కొత్తది చెయ్యవే కాశీ" అన్నది అత్త. నేను కొత్త కోడలిని, గోదారి మట్టి పిసికిచ్చేదాన్ని. చూస్తే ఏంది, ఎడమచెయ్యి తన మొకం మీద, కుడిచెయ్యి మట్టిల! తన ముక్కు తడుముకుంటది, మట్టిల ముక్కు గుంజుతది. తన చెంప ఒత్తుకుంటది, మట్టిల చెంప ఒత్తుతది. కండ్లు మూస్కొని చేస్తున్నది. చప్పిడి ముక్కు, ముంగటికచ్చిన పై పెదవి, గదువ మీద గుంట. అన్నీ దిగినయ్. "చిన్నత్తా, ఇది..." అన్న. "ఏమున్నదే? మాలక్ష్మి" అన్నది. మామకు ఎరుకైతే బండెక్కిచ్చుడే గద!

పూజనాడు మా అత్త ఆరతి పళ్లెంతోని లోపటికచ్చి నిలవడ్డది. ఆకుపచ్చ పట్టుచీరల కూసున్న పెద్దామె మొకం చూసింది. నా దిక్కు చూసింది, నేను నేల చూసిన. ఇంటి ఆడోళ్లందరికి ఎరుకైంది, ఒక్కతి నోరు తెరువలే. మొగోళ్లకా? ఛీ, ఏం ఎరుకైతది! ఎన్నడన్న చూసినోళ్లైతే గద! మా మామ బోర్లవడి మొక్కి లెంపలేసుకున్నడు. "ఏం కళ! తల్లి ఇన్నేండ్లల్ల గింత సల్లగ చూడలే" అన్నడు. పక్కన కచేరి గుమాస్తా ఒకడు మరాఠీల, "కాయ్ తేజ్ ఆహే!" అనుడు. తేజమట! పదహారు కూరలు, బొబ్బట్లంటరే గా పోలెలు, నెయ్యి, మామనే తన చేతులతోని ఆ మొకం ముంగట పెట్టిండు. అసలు మనిషికి పెరట్ల సల్లబడ్డ జొన్నరొట్టె. తెల్లారి ఆమె కొంగు కనవడ్డదని థూ అని ఉమ్మి ఎనకకు మర్రిండు. నాకు కడుపు మండింది బిడ్డా, ఇప్పటికీ మండుతది. ఆమెకేమో మంటనే లేదు. నన్ను పెరట్లకు పిలిచి మెల్లగ అడిగింది, "ఆకుపచ్చ చీర నాకు నప్పిందానే?" అని.

ఇగ యేటా రంగులేసేటప్పుడు ఒక ముడత ఎక్కువ గీసేది. మొగోళ్లు "మట్టి పాతవడుతున్నది" అన్నరు. అన్నీ తెలిసినోళ్లు! నిజాం రాజ్యం పోయే ముందటి యేడు సచ్చిపోయింది. నోట్ల తులసినీళ్లు పొయ్యనీకి కొంగు తీసిండ్రు. మా మామ వంగిండు, ఆగిండు. శానసేపు చూసిండు. "ఈమెను ఏడనో చూసినట్టున్నదే" అన్నడు. ఏడనో! ఏడ చూసిండట!

మీ తాత పోయినంక నన్ను గూడ ఆ గడప ఇవతలనే కూసోబెట్టిండ్రు నా కొడుకులు. చదువుకున్నోళ్లు, బ్యాంకు నౌకర్లు. "అవ్వా, నీకు మోకాళ్ల నొప్పులు గద, ఈడనే ఉండు" అంటరు. మోకాళ్లట! రంగులేసేటప్పుడు యాది రావు మోకాళ్లు. పోయిన యేడు చిన్నామె మొకం పలిగితే నన్నే చెయ్యమన్నరు. చేసిన. మీ నాయిన బోర్లవడి మొక్కిండు, నువ్వు ఆడనే ఉంటివి. చిన్నామె ఎడమ కనుబొమ్మ మీద ఆ గాటు ఏందని ఒక్కడన్న అడిగిండా?... ఏంది పిల్లా, నా మొకం గట్ల చూస్తున్నవ్? పో, పెనం మీద పోలె మాడుతున్నది, తిరిగెయ్యి.