తారు గుర్తు

హలో… ఎవరు, చిన్నస్వామేనా? … ఆ, నేనేరా. అక్కను, చౌడేశ్వరిని.

… హిందూపురం నుంచే. బెల్లం మండీలో ఉండే ఫోను ఇది. … లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు ముందే భయపడొద్దు. ఈడ గుమాస్తా ఆశీర్వాదం నా మొగం చూసి ధర్మవరానికి, మీ అంగడికి కలిపిచ్చినాడు. ఆరు నిమిషాలంట. ఆ పైన వాళ్లే లైను కోసేస్తారంట. అందుకని గబగబ చెప్తా, నడమ అడ్డం రావద్దు.

నువ్వు పట్టుకు రంగులద్దేటోడివి. మరకల సంగతి నీకు తెలిసినంత ఈడ ఎవరికీ తెలీదు. సున్నం గోడ మీద తారు పడితే ఎట్ల పోతాది?

… తారురా. రోడ్డుకు పోసే తారు.

… మన ఇంటికే. బయట గోడకు, వాకిలి పక్కన. ప్లేగు వచ్చిన నాడు సానిటరీ ఆయప్ప కుంచెతో వేసిపోయిన గుర్తు. గుండ్రంగా గీసి, లోపల ఒకటి అంకె వేసినాడు. … ఒకటంటే, ఈ ఇంట్లో ఒకరు పోయినారని. … ఆ. నా కొడుకే ఆ ఒకటి. సంజీవప్పే.

… తెలుసు, ఐదు నెలలైంది. ఊరి బయట ప్లేగు కొట్టాల్లో రెండు నెలలుండి తిరిగొచ్చినంక కూడా నేను దాని జోలికి పోలేదు. ఉంటే ఉండనీలే అనుకున్నా. … పక్కోళ్లవి మట్టిగోడలు, ఒక పూట అలికేసుకున్నారు, పొయ్యింది. సున్నం గోడ కావాలని పట్టుబట్టి కట్టిచ్చుకున్నోడు సంజీవప్పే గదా.

ఇప్పుడు అది పోవాల. రేపు పొద్దున బండికి వెంకటప్ప వస్తాండాడు.

… ఆ, కోడలి నాయన. పెనుకొండ నుంచి. రామాంజినమ్మను, దాని బిడ్డ ముత్యాలును తోడుకోని. ఆయప్పకు బెంగళూరు మిల్లులో పని దొరికిందంట. యుద్ధం వచ్చినంక మనుషుల్ని తీసుకుంటాండారంట. ఇల్లు ఎత్తేసి అందరూ పోతాండారు. కోడలికి మాత్రం ఈడనే ఉండాలని ఉండాదంట, మగ్గం ఉండాది, నేనుండా అని. అందుకే నాకు జాబు రాసినాడు. హిందూపురంలో దిగి ఇల్లు చూస్తాడంట. మనసుకు బాగుందనిపిస్తే తల్లీబిడ్డను నా కాడ వదిలిపెడతాడంట. ఆ గుర్తు గోడ మీద కనపడితే మాత్రం, మధ్యాహ్నం బండికి వాళ్లనూ తీసుకోని పోతాడంట. … తప్పు పట్టేది కాదులే. నేనైనా అదే రాసుంటా.

… ఏం చేసినానంటే, చెప్తా. తిట్టొద్దు. సోడా ఉడకబెట్టి పోసినా.

… పట్టు జిగురు తీసే నీళ్లే. మన ఇండ్లల్లో ఏ మరకకైనా అదే గదా. నలభై ఏండ్లు పట్టు ఉడకేసిన చెయ్యి, ఇంగేం తోస్తాది దానికి? … కరిగింది. కరిగి కారింది. గుండ్రం పోయి, అరుగు దాకా నల్లటి చారలు. … నవ్వు, నవ్వు. నేనూ చూసి నవ్వుకున్నా, ఏడుపు రాక.

… ఆ పైన కిరసనాయిలు. సీసాలో ఉన్నదంతా గుడ్డకు తడిపి రుద్దినా. ఎంత రుద్దితే అంత దూరం పాకింది. ఇప్పుడు చాటంత ఉండాది, కాఫీ రంగులో. పైన సున్నం కొడతా, తెల్లారేసరికి మళ్లా పైకి తేలతాది. మూడు తూర్లు కొట్టినా.

… బేల్దారినీ పిలిచినా. ఆ గోడ మీద తాపీ పెట్టనని వీధిలో నుంచే చెప్పి పోయినాడు.

… ఆచారి కాడ ద్రావకం తెచ్చుకోనుండా, బంగారం కడిగేది. … వద్దా? యాల? … సున్నం బుసబుస పొంగి రాలిపోతాదా. … తారు మాత్రం అట్లనే నిలబడతాదా. మంచిదైంది అడిగింది. సాయంత్రం గోడకు పోద్దామనుకున్నా.

… ఏందీ? … చీర మీద నూనె పడితే ఏం చేస్తామంటే, పొడి చల్లి పెడతాం. రుద్దం. అదే పీల్చుకుంటాది. … నీకు నేర్పిచ్చింది నేనేరా, మళ్లా నాకే చెప్తాండావు. … గోడకూ అదేనా?

ఉండు. ఆశీర్వాదం కాగితం, పెన్సిలు ఇచ్చినాడు. … నిదానంగా చెప్పు, నా రాత నీకు తెలుసు. ఒక్కొక్క అక్షరం ఎత్తుకోని పెట్టాల నేను.

… గోడ చల్లగా ఉన్నప్పుడు దళసరి తారు కత్తితో గీకేది. చలికి పెళుసుగా రాలతాది. … ఆ. సుద్దపొడిలో కిరసనాయిలు కలిపి రొట్టెపిండి మాదిరి చేసేది. … వేలెడు మందం పట్టిచ్చి వదిలేది. రుద్దకూడదు. … ఎండినంక రాలగొట్టి మళ్లా కొత్తది. … పొడి తెల్లగానే రాలేదాకా. … కడిగేది సోడా చన్నీళ్లతోనే. ఉడుకు నీళ్లు వద్దు. తెలిసొచ్చిందిలేరా, ఎన్ని తూర్లంటావు. … ఆరినంక, స్పిరిట్లో లక్క కరిగిచ్చి రెండు పూతలు. ఆపైన సున్నం. … లక్కను దాటి తారు పైకి రాదు. సరే.

… రెండు దినాలా? నాకు రేపు పొద్దున దాకానే. … కుంపటి పెట్టి ఎండగొడితే? … ఆ, కిరసనాయిలు కాడ నిప్పు వద్దులే. విసనకర్రతో విసురుతా కూర్చుంటా. ఎంత పోతే అంత.

లక్క, స్పిరిట్ ఈడ దొరకవు. మధ్యాహ్నం బండిలో గార్డు చేతికిచ్చి పంపు. … నువ్వా? … నిన్ను రమ్మని నేను అడగలేదు. … అడగలేదంటాండా గదా చిన్నా. అప్పుడూ రాలేదు, నేనేమన్నా అన్నానా? నలుగురు పిల్లలున్నోడివి.

… లేదు, కోపం లేదు. సంజీవప్పను బండి మీద వేసుకోని పోయిన నాడు నన్ను వెంట రానీలేదు. వీధి మలుపు దాకా చూసినా, అంతే. ఆ మరుసటి దినం కోడలు బిడ్డను ఎత్తుకోని పెనుకొండకు పోయింది. అదీ అట్లనే చూసినా. అందరి వీపులే చూసినా నేను. నా ఇంటికి ఎదురుగా ఎవరన్నా రావాల. ఆ పిల్ల ఒక్కటన్నా.

… ఏమన్నావు?

… ఎలుకలా? అప్పుడు చచ్చి పడినాయి. ఇప్పుడెందుకు ఆ మాట.

… లేవు. … లేవంటాండా. ఇంట్లో మందు చల్లినారు, పెంకులు తీసి ఎండ పోనిచ్చినారు. మరక సంగతి అడిగితే నువ్వు…

… ఒట్టా? దీనికి ఒట్టెందుకు?

…

ఒకటి.

… మొన్న. మగ్గం గుంతలో, కాళ్లు పెట్టే చోట. … పిల్లి కొరికిందేమో అనుకున్నా. … లేదు. ఒంటి మీద గాటు లేదు. … పారతో ఎత్తి దిబ్బలో పూడ్చినా. … ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే.

… చదివినా. వాళ్లు గోడకు అంటిచ్చిన కాగితం కూడబలుక్కోని నాలుగు తూర్లు చదివినా. చచ్చిన ఎలుక కనపడితే ఆ దినమే ఇల్లు వదిలిపెట్టండి అని ఉండాది. … తెలుసురా. చదవడం రాకపోయింటే, నాకు తెలీదని చెప్పుకునేదాన్ని.

… మళ్లా పడలేదు. ఒకటేగదా అనుకున్నా. ఒక్కటే గదా…

…

చిన్నస్వామీ. ఒక మాట అడుగుతా. నీ చిన్న కూతురు ముత్యాలు ఈడుదే గదా. దాన్ని ఈ పొద్దు నా ఇంట్లో పండబెడతావా?

…

వినపడతాండాదా?

…

సరే.

… లేదు, నువ్వేమీ తప్పు మాట్లాడలేదు. అసలు మాట్లాడనే లేదు. చాలు.

లక్క పంపొద్దు.

… నేను ఇంటికి పోను. కట్టుకున్న కోకతోనే కొట్టాల కాడికి పోతా. ఆశీర్వాదం అన్నీ వింటానే ఉండాడు, సానిటరీ ఆయప్పకు తనే పోయి చెప్తానని తల ఊపుతాండాడు. … జ్వరమేమీ లేదు. … ఒళ్లు బాగానే ఉండాది. … ధర్మవరానికా? వద్దు. పిల్లలున్న ఇల్లు.

నువ్వు ఒక పని చెయ్యి. సాయంత్రం బండెక్కి పెనుకొండలో దిగు. ఈడికి రావద్దు, ఆడికే. వెంకటప్పతో చెప్పు, హిందూపురంలో దిగొద్దని, నేరుగా బెంగళూరుకే పొమ్మని. … ఎలుక సంగతే చెప్పు. దాచొద్దు. గోడ తుడిచి బిడ్డను ఆ ఇంట్లోకి పిలుచుకోవాలని చూసినానని కూడా చెప్పు. … చెప్పాల. రామాంజినమ్మ తిట్టుకోనీ. తిట్టుకుంటే ఆ పిల్లకు ఈ ఊరు విడిచేది సులువైతాది.

… అంగట్లో అందరూ చూస్తాంటారు, కండ్లు తుడుచుకో.

ఇంగొకటి. రేపు వాళ్లొచ్చే బండి ఇంజనుకు ఈడ నీళ్లు పట్టుకుంటాది, పది నిమిషాలు నిలబడతాది. నేను టేసనుకు వస్తా. … దగ్గరికి పోను. ముట్టను. పిలవను కూడా. ముత్యాలును కిటికీ కాడ కూర్చోబెట్టమను, అంతే. అది నన్ను చూసి అవ్వా అని ఏడ్చినా కిందికి దించొద్దని చెప్పు. వెంకటప్ప మెత్తనోడు, దించుతాడేమో, గట్టిగా చెప్పు.

… అయిపోయిందంట. ఆశీర్వాదం చెయ్యి చూపిస్తాండాడు.

చిన్నస్వామీ, ఏ కిటికీనో సరిగ్గా చెప్పాల. టేసను పక్క కాదు. ఆడ జనముంటారు, నేను పోకూడదు. పట్టాలకు అవతల, కంచె బయట నిలబడతా. పెనుకొండ నుంచి వచ్చేటప్పుడు ఎడమ చేతి పక్క… విన్నావా? ఎడమ పక్క అని చెప్పు…

హలో? … ఎడమ పక్కరా…

హలో…